సాంటియాగో రుసిన్యోల్

సాంటియాగో రుసిన్యోల్ (1861 ఫిబ్రవరి 25 - 1931 జూన్ 13) స్పెయిన్ దేశానికి ఈశాన్యాన ఉన్న కాటలోనియా ప్రాంతానికి చెందిన సుప్రసిద్ధ ప్రకృతి దృశ్య చిత్రకారుడు, రచయిత, నాటకకర్త, కళావస్తు సేకర్త. స్పెయిన్‌లోని పురాతన ఉద్యానవనాలను చిత్రించినవాడుగా ఇతడు చిత్రకళా చరిత్రలో నిలిచిపోయాడు. 19వ శతాబ్దం చివర కాటలోనియాలో వచ్చిన ఆధునిక కళోద్యమానికి ఇతడు ప్రధాన సారథులలో ఒకడు. వాస్తుశిల్పంలో గౌడీ పేరు ఎలా వినబడుతుందో, ఆ కాలపు చిత్రకళ, నాటకాల ప్రస్తావన వచ్చినప్పుడు రుసిన్యోల్ పేరు అలా వినబడుతుంది. పెద్ద నూలుమిల్లు వారసుడై ఉండి, ఆ వ్యాపారాన్ని వదిలి కళలోకి వచ్చినవాడు. అయితే ఆ మిల్లు ఇచ్చిన సంపదే జీవితాంతం ఇతని కళకు ఆధారమయింది. ఈ వైరుధ్యం ఇతని జీవితంలోనే గాక రచనలలో కూడా కనిపిస్తుంది.

బాల్యం, కుటుంబం

రుసిన్యోల్ బార్సిలోనా నగరంలోని ప్రిన్సెసా వీధిలో జన్మించాడు. తండ్రి జోన్ రుసిన్యోల్, తల్లి అమాలియా ప్రాత్స్. వీరిది బట్టల వ్యాపారంలో స్థిరపడిన సంపన్న కుటుంబం. బార్సిలోనాకు ఉత్తరాన తేర్ నది ఒడ్డున ఉన్న మన్‌ల్యేవు పట్టణంలో వీరికి నూలుమిల్లు ఉండేది. ఆ రోజులలో కాటలోనియా నదుల ఒడ్డున, నీటి శక్తితో నడిచే ఇటువంటి మిల్లులు వరుసగా వెలిశాయి. స్పెయిన్ మొత్తంలో పరిశ్రమలు బాగా పెరిగిన ప్రాంతం అదే.

ఇంటి పెత్తనం తాతగారైన జౌమె రుసిన్యోల్‌ది. ఆయన కష్టపడి వ్యాపారాన్ని పెంచినవాడు, లెక్కల మనిషి. పెద్ద మనవడు తన తరువాత గద్దె మీద కూర్చోవాలని ఆయన కోరిక. ఆ ప్రకారం సాంటియాగో యౌవనంలోనే కుటుంబ వ్యాపారపు కార్యాలయంలో పనికి కుదిరాడు. పగలు పద్దులు వ్రాస్తూ, తీరిక వేళలలో బొమ్మలు వేసేవాడు. టొమాస్ మొరాగాస్ అనే చిత్రకారుని వద్ద చిత్రలేఖనం అభ్యసించాడు. సెలవు దినాలలో విహార సంఘాలతో కలిసి కొండలెక్కి, పాడుబడిన మఠాలు, కోటలు చూచి వాటి రేఖాచిత్రాలు గీసేవాడు. పల్లెలలో కమ్మరులు చేసిన పాత ఇనుప సామగ్రిని, అంటే తాళాలు, గడియలు, తలుపు కొట్టే కడియాలు, దీపస్తంభాలు మొదలైనవాటిని పోగుచేసే అలవాటు కూడా ఈ తిరుగుళ్ళలోనే అయింది. ఇతరులు తుక్కుగా పారవేసిన వాటిని ఇతడు ఇంటికి మోసుకు వచ్చేవాడు. ఈ అభిరుచి తరువాత ఒక ప్రదర్శనశాలకు దారి తీసింది.

1883లో తండ్రి మరణించాడు. 1886లో రుసిన్యోల్ లూయీసా దెనీస్‌ను వివాహం చేసుకున్నాడు. ఆమె కూడా చిత్రలేఖనం, సంగీత రచన తెలిసిన వ్యక్తి. మరుసటి సంవత్సరం వీరికి మరియా అనే కుమార్తె జన్మించింది. అదే 1887లో తాత మరణించాడు. వ్యాపార బాధ్యత తమ్ముడు ఆల్బర్ట్ రుసిన్యోల్ మీద పడింది. ఆల్బర్ట్ సమర్థుడైన పారిశ్రామికవేత్తగా పేరు పొంది, తరువాత కాటలాన్ రాజకీయాలలో నాయకుడై స్పెయిన్ పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. అన్నకు మిల్లు పని తప్పింది, ఆదాయం మాత్రం అందుతూనే ఉండేది. కొద్ది కాలానికే రుసిన్యోల్ భార్యను, పసిబిడ్డను విడిచి ఇల్లు వదిలి వెళ్ళాడు. అతని జీవిత చరిత్రను మెచ్చుకొనే వారు ఈ విషయాన్ని తేలికగా దాటవేస్తారు గాని, కళ కోసం అతడు చెల్లించిన మూల్యంలో ఎక్కువ భాగం చెల్లించినది లూయీసాయే అనడం న్యాయం.

పారిస్ నివాసం

1889లో రుసిన్యోల్, అతని ప్రాణమిత్రుడైన చిత్రకారుడు రమోన్ కాసాస్ ఇద్దరూ ఒక గుర్రపు బండిలో కాటలోనియా పల్లెలన్నీ తిరిగారు. ఆ ప్రయాణ విశేషాలను రుసిన్యోల్ బార్సిలోనాలోని లా వాంగ్వార్దియా పత్రికకు వ్యాసాలుగా వ్రాశాడు. అదే సంవత్సరం పారిస్ చేరుకున్నాడు. అక్కడ మోంమార్త్ర్ కొండ మీద, మూలాఁ ద లా గాలెత్ అనే పాత గాలిమర ఆవరణలో కాసాస్, మికేల్ ఉత్రిల్లో మొదలైన మిత్రులతో కలిసి నివసించాడు. ఫ్రెంచి చిత్రకారుడు రెన్వార్ గీసిన నృత్యోత్సవ చిత్రం వల్ల ఆ చోటు పేరు చాలామందికి తెలిసినదే. రెన్వార్ అక్కడ ఎండను, సంబరాన్ని చూశాడు. రుసిన్యోల్ చూసినవి చలికాలపు బూడిదరంగు ఆకాశం, ఖాళీ కుర్చీలు, శ్మశానవాటిక, పొగచూరిన వంటగది. అప్పటికింకా ఎవరికీ తెలియని సంగీతకారుడు ఎరిక్ సాతీ ఇక్కడ ఇతని మిత్రుడయ్యాడు. చలిగదిలో పొయ్యి దగ్గర కూర్చున్న సాతీ చిత్రాన్ని రుసిన్యోల్ 1891లో వేశాడు.

ఈ నివాసం గురించి గాలిమర నుంచి వ్రాసిన లేఖల రూపంలో లా వాంగ్వార్దియాలో వ్యాసాలు వెలువడ్డాయి. కాసాస్ వాటికి బొమ్మలు వేశాడు. పారిస్‌లో జరిగే కొత్త విషయాలు బార్సిలోనా పాఠకులకు తెలిసినది చాలావరకు ఈ వ్యాసాల ద్వారానే. 1890లో రుసిన్యోల్, కాసాస్, శిల్పి ఎన్రిక్ క్లరసో ముగ్గురూ కలిసి బార్సిలోనాలోని సాలా పారేస్ ప్రదర్శనశాలలో తమ కృతులను ప్రదర్శించారు. అంతవరకు చారిత్రక ఘట్టాలు, మెరుగుపెట్టిన పెద్దమనుషుల చిత్రాలు చూడడానికి అలవాటు పడిన ప్రేక్షకులకు ఈ మసకబారిన పెరళ్ళు, గోడలు వింతగా తోచాయి. కొందరు ఎగతాళి చేశారు. తరువాతి సంవత్సరాలలో ఈ ముగ్గురి ప్రదర్శన ఆనవాయితీ అయింది.

సిట్జెస్, కౌ ఫెర్రాత్

1891లో రుసిన్యోల్ బార్సిలోనాకు నైరుతి దిశలో మధ్యధరా సముద్రతీరాన ఉన్న సిట్జెస్ అనే చిన్న ఊరిని చూశాడు. తెల్లని గోడలు, వాటి మీద నీలిరంగు, కళ్ళు మిరుమిట్లు గొలిపే వెలుతురు అతన్ని ఆకర్షించాయి. పారిస్ బూడిదరంగుల నుంచి అతని కుంచె వెలుగు వైపు మళ్ళినది ఇక్కడే. నీలి పెరడు అనే పేరుగల చిత్రాలు ఈ మార్పుకు సాక్ష్యాలు.

సముద్రపు ఒడ్డున బెస్తవారి ఇళ్ళు కొని, ఫ్రాన్సెస్క్ రొజెంత్ అనే వాస్తుశిల్పి చేత వాటిని పునర్నిర్మింపజేశాడు. దానికి కౌ ఫెర్రాత్, అనగా ఇనుప గుహ అని పేరు పెట్టాడు. ఇంతకు ముందు క్లరసోతో కలిసి బార్సిలోనాలో నడిపిన చిత్రశాల పేరు కూడా అదే. యౌవనం నుంచి పోగుచేసిన ఇనుప వస్తువులన్నీ ఈ భవనంలో కొలువుదీరాయి.

1892 నుంచి 1899 వరకు సిట్జెస్‌లో 5 కళోత్సవాలు జరిగాయి. 1893 నాటి రెండవ ఉత్సవంలో బెల్జియం నాటకకర్త మేటర్‌లింక్ నాటకాన్ని కాటలాన్ భాషలో ప్రదర్శించారు. వీటిలో ఎక్కువగా చెప్పుకొనేది 1894 నవంబరు నాటి మూడవ ఉత్సవం. ఆ సంవత్సరం పారిస్‌లో మిత్రుడు ఇగ్నాసియో సులోగా సహాయంతో రుసిన్యోల్ ఎల్ గ్రెకో వేసిన రెండు చిత్రాలు కొన్నాడు. ఒకటి కన్నీరు కార్చే పునీత పేతురు, రెండవది పశ్చాత్తాపపడే మగ్దలేనా మరియ. ఎల్ గ్రెకో 16వ శతాబ్దంలో గ్రీసు నుండి వచ్చి స్పెయిన్‌లో స్థిరపడిన చిత్రకారుడు. ఇప్పుడు అతని గొప్పతనం అందరూ ఒప్పుకొనేదే గాని, అప్పటికి అతని చిత్రాలకు విలువ కట్టినవారు బహుకొద్దిమంది. రుసిన్యోల్ ఆ రెండు చిత్రాలను రైలులో సిట్జెస్‌కు రప్పించి, దేవుని ఊరేగింపు వలె మిత్రుల భుజాల మీద స్టేషను నుంచి కౌ ఫెర్రాత్ వరకు మోయించాడు. ఊరి జనం వింతగా చూశారు. అంతటితో ఆగక, ప్రజల చందాలతో ఎల్ గ్రెకో విగ్రహాన్ని చేయించి 1898లో సముద్రతీరాన నిలబెట్టాడు. మాడ్రిడ్‌లోని ప్రాదో ప్రదర్శనశాల ఎల్ గ్రెకో కృతులతో ప్రత్యేక ప్రదర్శన ఏర్పాటు చేసినది 1902లో, అంటే ఈ విగ్రహం నిలిచిన 4 సంవత్సరాల తరువాత.

1897లో బార్సిలోనాలో పేరె రొమేవు నడిపిన క్వాత్రె గాత్స్ (నాలుగు పిల్లులు) అనే ఫలహారశాల స్థాపనకు కూడా కాసాస్, ఉత్రిల్లోలతో పాటు రుసిన్యోల్ చేయూతనిచ్చాడు. యువకుడైన పికాసో తన తొలి సొంత ప్రదర్శనను 1900లో అక్కడే ఏర్పాటు చేశాడు. పికాసో తొలినాటి కృతులు కొన్ని రుసిన్యోల్ సేకరణలో ఉన్నాయి.

అనారోగ్యం, మార్ఫీను

ఉత్సవాల సందడి వెనుక ఒక బాధ ఉంది. రుసిన్యోల్‌కు మూత్రపిండాల వ్యాధి వల్ల భరించరాని నొప్పి వచ్చేది. ఉపశమనం కోసం మొదలుపెట్టిన మార్ఫీను క్రమేణా వ్యసనమయింది. 1894లో వేసిన మార్ఫీను అనే చిత్రంలో ఒక యువతి మంచం మీద పడుకొని, దుప్పటిని వేళ్ళతో గట్టిగా పట్టుకొని ఉంటుంది. ముఖంలో మత్తు, వేళ్ళలో నొప్పి. ఆ వేళ్ళు చూసినవారికి చిత్రకారుడు దీనిని ఊహించి వేయలేదని అర్థమవుతుంది.

1899లో పారిస్ సమీపంలోని ఒక వైద్యశాలలో చేరి, కఠినమైన చికిత్సతో ఆ అలవాటు నుంచి బయటపడ్డాడు. ఇంచుమించు పదేళ్ళ ఎడబాటు తరువాత ఈ కాలంలోనే భార్య లూయీసా, కుమార్తె మరియా మరల అతనికి చేరువయ్యారు. కుమార్తె మరియా తరువాత రచయిత్రి అయి, తండ్రి జీవితాన్ని గురించి 1950లో ఒక పుస్తకం ప్రచురించింది.

ఉద్యానవనాల చిత్రాలు

రుసిన్యోల్ 1895లో గ్రనాడా నగరానికి వెళ్ళాడు. అక్కడి అల్‌హంబ్రా కోట, దాని పక్కనున్న హెనెరలిఫే ఉద్యానవనం అరబ్బు పాలకుల నాటివి. నీటికాలువలు, కత్తిరించిన పొదలు, సరుగుడులా నిటారుగా పెరిగే సైప్రస్ చెట్లు, వాటి మధ్య నిశ్శబ్దం అతన్ని పూర్తిగా లోబరచుకున్నాయి. ఆ తరువాత 35 సంవత్సరాలకు పైగా అతడు వేసిన చిత్రాలలో అత్యధికం తోటలే. గ్రనాడా దగ్గరి విస్నార్, మయోర్కా ద్వీపంలోని రైషా, బార్సిలోనాలోని ఓర్తా, మాడ్రిడ్ ప్రాంతంలోని అరాన్‌హ్వేస్, సెగోవియా దగ్గరి లా గ్రాంహా ఇలా దేశమంతా తిరిగి, రాజులు, ప్రభువులు వేయించిన తోటలను వెదికి చిత్రించాడు.

ఈ చిత్రాలలో మొదట గమనింపదగినది మనుషులు లేకపోవడం. పారిస్ చిత్రాలలో ఒంటరి మనుషులైనా ఉండేవారు. తోటలలో వారు కూడా కనిపించరు. చూసేవాడు సాధారణంగా బాట మొదట్లో నిలబడి ఉంటాడు. ఎదురుగా తిన్నని బాట, ఇరుపక్కలా సమానంగా చెట్లు, నడుమ ఒక నీటితొట్టి లేక ఫౌంటెన్, దూరాన ఒక ద్వారం లేక మెట్లు. వేళ తరచుగా సాయంకాలం, ఋతువు శరత్తు. అంతా కొలిచి నాటినట్లు ఉంటుంది, కాని మెట్ల మీద నాచు పట్టి ఉంటుంది, తొట్టిలో నీరు కదలదు, పొదలు ఆకారం తప్పుతూ ఉంటాయి. అడవిని చిత్రించిన వారికి, పొలాలను చిత్రించిన వారికి లేని సమస్య తోటను చిత్రించేవానికి ఉంది. తోట ప్రకృతి కాదు, మనిషి తీర్చిన ప్రకృతి. తోటమాలి చేయి ఆగిన నాటి నుంచి అది తిరిగి అడవి కావడం మొదలుపెడుతుంది. రుసిన్యోల్ పట్టుకున్నది ఆ మధ్య ఘడియను. కత్తెర వేసిన చేయి లేదు, దాని జాడ ఇంకా పోలేదు.

దీనికి చారిత్రక కారణం కూడా ఉంది. 19వ శతాబ్దం చివరకు స్పెయిన్‌లోని పాత ప్రభువుల కుటుంబాలు చితికిపోయి, వారి తోటలు ఆలనాపాలనా లేక పాడుబడుతున్నాయి. 1898లో క్యూబా, ఫిలిప్పీన్స్ మొదలైన వలసలు కూడా పోయి దేశమంతటా నిరాశ అలముకున్నది. 1903లో వెలువడిన స్పెయిన్ తోటలు అనే సంపుటంలో రుసిన్యోల్ తన 40 చిత్రాల ప్రతులను కాటలాన్ కవుల పద్యాలతో కలిపి ప్రచురించాడు. ఈ తోటలు మరణిస్తున్నాయని, పోయేలోగా చూసుకొనవలసిందని దాని ముందుమాట సారాంశం. అంతకు ముందే 1899లో పారిస్‌లోని సీగ్‌ఫ్రీడ్ బింగ్ ప్రదర్శనశాలలో, 1900లో బార్సిలోనాలో ఈ తోటల చిత్రాలు ప్రదర్శింపబడి మంచి పేరు తెచ్చాయి. 1900లోనే అతడు వ్రాసిన పాడుబడిన తోట అనే ఏకాంక నాటికలో, కథానాయిక అరోరా తనను కోరి వచ్చిన యువకులతో బయటి ప్రపంచంలోకి వెళ్ళక, పాత తోటలోనే ఉండిపోతుంది.

స్పానిష్ సంగీతకర్త మాన్వేల్ ద ఫాయా పియానో, వాద్యబృందం కోసం కూర్చిన స్పెయిన్ తోటలలో రాత్రులు అనే కృతి 1916లో మాడ్రిడ్‌లో తొలిసారి వినిపించబడింది. దానికి ప్రేరణలలో రుసిన్యోల్ చిత్రాలు ఒకటి. ఫాయా 1915లో సిట్జెస్‌లో రుసిన్యోల్ అతిథిగా ఉన్నప్పుడు కౌ ఫెర్రాత్‌లోని పియానో మీద ఈ కృతికి మెరుగులు దిద్దాడు.

విమర్శ కూడా లేకపోలేదు. 1910 తరువాత వేసిన తోటలలో పునరుక్తి ఉన్నదని, కొనేవారు ఆశించిన దానిని చిత్రకారుడు అందించాడని విమర్శకులు అన్నారు. ఇందులో కొంత నిజముంది. ఐరోపా చిత్రకళ ఘనవాదం వైపు పరుగెత్తుతున్న రోజులలో ఇతడు అదే బాటలు, అదే నీటితొట్లు వేస్తూ పోయాడు. అయినా అరాన్‌హ్వేస్ చిత్రాలలో శరత్కాలపు పసుపు, రాగి రంగుల వాడకం తొలినాటి గ్రనాడా చిత్రాల కంటే సాహసవంతమైనది. బొమ్మను వదిలి రంగును చూస్తే ఈ తేడా తెలుస్తుంది.

రచనలు

కాటలాన్ సాహిత్యంలో రుసిన్యోల్ స్థానం చిత్రకళలో అతని స్థానానికి తీసిపోదు. 1897లో వెలువడిన ప్రార్థనలు అనే గద్యకవితల సంపుటి ఆ భాషలో ఆ ప్రక్రియకు ఆద్యంగా చెప్పబడుతున్నది. సాగిపోయే సంతోషం (1898) నాటకంలో, ఒక మందకొడి పల్లెకు సర్కసు బండి వచ్చి పోతుంది, అంతే కథ. యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికుని దురహంకారాన్ని చూపిన వీరుడు (1903) సైనికాధికారుల ఆగ్రహానికి గురై, ప్రదర్శన నిలిచిపోయింది. 1907 నుంచి షరావు అనే కలం పేరుతో ఒక హాస్య వారపత్రికలో ప్రతివారం వ్రాస్తూ, కొత్త తరం మేధావి ఎవుజేని దోర్స్ గంభీర శైలిని వెక్కిరించాడు. 1910లో నాటక బృందంతో అర్జెంటీనా వెళ్ళివచ్చి ఆ యాత్రను గ్రంథస్థం చేశాడు. మయోర్కా ద్వీపం మీద వ్రాసిన ప్రశాంత ద్వీపం నేటికీ చదువబడుతున్నది.

వీటన్నిటిలో ప్రసిద్ధమైనది సెన్యోర్ ఎస్తేవె బొమ్మలకథ అనే నవల (1907). దీనికి కాసాస్ బొమ్మలు వేశాడు. వరుసగా చిన్న బొమ్మలు, ఒక్కొక్క దాని కింద ద్విపద వంటి రెండు పాదాలతో ఒకరి జీవితం చెప్పే కాగితాలు కాటలోనియా సంతలలో అమ్మేవారు. నవల పేరు దాని నుంచి వచ్చినదే. బార్సిలోనాలో దారాలు, నాడాలు, గుండీలు అమ్మే లా పుంత్వాల్ అనే దుకాణం కథ ఇది. తాత పెట్టిన దుకాణాన్ని తండ్రి, తండ్రి తరువాత ఎస్తేవె నడుపుతారు. పొదుపు తప్ప వేరు ధర్మం తెలియని కుటుంబం. ఎస్తేవె కొడుకు రమొనేత్ తాను శిల్పినవుతానని అంటాడు. ఇంట్లో గొడవ.

రుసిన్యోల్ తన సొంత కథ వ్రాస్తున్నాడని, వ్యాపారులను చీల్చి చెండాడుతాడని పాఠకులు అనుకొని ఉంటారు. ఎగతాళి మొదట్లో నిజంగానే పదునుగా ఉంటుంది. పేజీలు గడిచినకొద్దీ అది మెత్తబడుతుంది. మరణశయ్య మీద ఉన్న ఎస్తేవె, కొడుకు ఏమి చేయబోతున్నాడో తనకు అర్థం కాకపోయినా, చలువరాయి కొనడానికి డబ్బు కావాలి కదా అని గ్రహించి ఆ డబ్బు అతనికి వదిలిపోతాడు. శిల్పి అయ్యే కొడుకు, లెక్కలు వ్రాసిన తండ్రి లేనిదే శిల్పి కాలేడు. మన్‌ల్యేవు మిల్లు ఆదాయంతో కౌ ఫెర్రాత్ కట్టినవాడు, ఎల్ గ్రెకో చిత్రాలు కొన్నవాడు, తాత చనిపోయిన 20 సంవత్సరాలకు ఈ మాట ఒప్పుకున్నాడు. 1917లో ఇది నాటకంగా రంగస్థలమెక్కి అఖండ విజయం సాధించింది. అప్పటి నుంచి కాటలాన్ భాషలో మధ్యతరగతి దుకాణదారుకు సెన్యోర్ ఎస్తేవె అన్నది మారుపేరయింది. రుసిన్యోల్ సమకాలంపై పెద్ద గ్రంథం వ్రాసిన జోసెప్ ప్లా మొదలుకొని చాలామంది ఈ నవలను ఆ నగరపు చరిత్రగా కూడా చదివారు.

చివరి రోజులు

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో రుసిన్యోల్ ఫ్రాన్స్ పక్షాన నిలిచాడు. జాతీయ లలితకళా ప్రదర్శనలలో అతని తోటల చిత్రాలకు పతకాలు లభించాయి. వయసు పెరిగినా ప్రయాణాలు ఆగలేదు. ఎక్కువగా వెళ్ళిన చోటు అరాన్‌హ్వేస్. మాడ్రిడ్‌కు దక్షిణాన తాహో నది ఒడ్డున ఉన్న ఈ ఊరు స్పెయిన్ రాజుల వసంతకాలపు విడిది. అక్కడి రాచతోటలను వసంతంలోను, శరత్తులోను పదేపదే చిత్రించాడు. ఊరివారందరికీ ఆ పొడుగు గడ్డం, పెద్ద టోపీ సుపరిచితం.

1931 ఏప్రిల్‌లో రాజు దేశం విడిచి వెళ్ళగా స్పెయిన్ గణతంత్రమయింది. ఆ తోటలకు యజమాని లేకుండా పోయిన రెండు నెలలకు, జూన్ 13న, చిత్రాలు వేయడానికి వచ్చి ఉన్న రుసిన్యోల్ అరాన్‌హ్వేస్‌లోనే 70వ ఏట మరణించాడు. పార్థివ శరీరాన్ని బార్సిలోనాకు తరలించి మోంజ్విక్ శ్మశానవాటికలో ఖననం చేశారు.

కౌ ఫెర్రాత్‌ను, అందులోని సేకరణ అంతటినీ అతడు సిట్జెస్ పట్టణానికి వ్రాసి ఇచ్చాడు. 1933లో అది ప్రజా ప్రదర్శనశాలగా తెరువబడింది. చాలాకాలం మరమ్మతుల తరువాత 2014 డిసెంబరులో తిరిగి తెరచుకుంది. కింది అంతస్తులో నీలిరంగు గోడలు, మిత్రుల చిత్రాలు, పై అంతస్తు పెద్ద హాలులో ఇనుప వస్తువులు, ఎల్ గ్రెకో చిత్రాలు ఉన్నాయి. కిటికీల కింద సముద్రపు అలలు గోడను తాకుతుంటాయి. అరాన్‌హ్వేస్ తోటలు, నది, ఊరు కలిపి 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా ప్రకటించబడ్డాయి. అల్‌హంబ్రా, హెనెరలిఫేలకు ఆ గుర్తింపు 1984లోనే లభించింది.